ఎయిర్‌బ్రష్‌ను విప్పకుండా ముంచితే శుభ్రమవదు

స్కేల్ మోడళ్లకు, చిన్న చిన్న బొమ్మలకు ఎయిర్‌బ్రష్‌తో (గాలి ఒత్తిడితో రంగును సన్నగా చిమ్మే చేతి పరికరం) రంగులు వేసేవాళ్ల మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది. "అల్ట్రాసోనిక్ క్లీనర్ కొనుక్కుంటే ఇక ఎయిర్‌బ్రష్ విప్పే పనే లేదు. రంగు వేయడం అవగానే బ్రష్ మొత్తాన్ని తొట్టిలో పడేయండి. థిన్నర్ పోసి, హీటర్ ఆన్ చేసి, అరగంట వదిలేయండి. కొత్తదానిలా బయటికొస్తుంది." చదవడానికి హాయిగానే ఉంది. అందుకే అంతమంది నమ్ముతున్నారు. ఆ మెషీన్ అంటే ద్రవాన్ని అదరగొట్టి మురికి వదిలించే చిన్న తొట్టి. నేనూ దాన్ని వాడతాను, పారేయమని చెప్పడం లేదు. కానీ ఈ సలహాలో ప్రతి ముక్కా తేడాగానే ఉంది. ఒకటైతే ఇల్లు తగలబెట్టే రకం.

ముందు దాని సంగతే చూద్దాం. థిన్నర్ పోయమంటున్నారు. థిన్నర్‌గా వాడే అసిటోన్ మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గరే అంటుకునేంత ఆవిరి విడుస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కి అది 12 డిగ్రీల దగ్గర. అంటే మామూలు గదిలో రెండూ సిద్ధంగానే ఉంటాయి, ఒక్క నిప్పురవ్వ చాలు. ఇక తొట్టి కింద ఏముంటాయి? హీటర్, సర్క్యూట్, స్విచ్. ఈ ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి పైకి పోదు, తొట్టి అంచు దాటి కిందికే జారుతుంది. హీటర్ ఆపేసినా, నడుస్తున్నకొద్దీ ద్రవం దానంతటదే వేడెక్కుతుంది. "గాజు సీసాలో కొంచెం థిన్నర్ పోసి నీళ్లలో నిలబెడితే ఫర్వాలేదు" అని సర్దిచెప్పేవాళ్లూ ఉన్నారు. థిన్నర్ తగ్గుతుంది నిజమే, ఆవిరి రావడం మాత్రం ఆగదు. మూత బిగిస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది. నేనైతే చేయను. థిన్నర్‌లో నానబెట్టాలంటే మెషీన్‌కి దూరంగా, కిటికీ తెరిచి, మూత ఉన్న సీసాలో నానబెట్టండి. తొట్టిలోకి నీళ్లు, రెండు చుక్కల డిష్‌వాష్ లిక్విడ్ చాలు.

ఇక "విప్పే పనే లేదు" అన్న మాట. అసలు గొడవంతా ఇక్కడే ఉంది. హాబీ మెషీన్లు ఎక్కువగా 40 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి, అంటే సెకనుకు 40 వేల సార్లు అదురుతాయి. ఆ అదురుకి నీళ్లలో కంటికి కనపడనంత చిన్న బుడగలు పుట్టి, లోహానికి ఆనుకుని పేలిపోతాయి. మురికిని వదిలించేది ఆ పేలుడే. కాబట్టి నీళ్లు తగలని చోట ఏమీ జరగదు. బిగించి ఉన్న బ్రష్‌లో నాజిల్ నోటికి సూది బిరడాలా కూర్చుంటుంది, వెనక సన్నటి దారుల్లో గాలి ఇరుక్కుని ఉంటుంది. గాలి ఉన్నచోట బుడగ పుట్టదు. సూదికీ నాజిల్‌కీ మధ్య ఎండిన రంగు అలాగే ఉండిపోతుంది. రంగు పోసే కప్పులోంచి ఊడిన పెచ్చులు కూడా తిన్నగా ఆ సందులోకే దిగుతాయి. పైగా 0.2, 0.3 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న నాజిల్‌లో సూదిని ఉంచి అదరగొడితే, ఆ సన్నటి అంచు మీద సూది మొన ఊరికే కొట్టుకుంటూ ఉంటుంది.

ఈ మెషీన్ కొన్న కొత్తలో నేనూ బ్రష్‌ను మొత్తంగా ముంచాను. బయటికి తీస్తే తళతళలాడిపోయింది, మురిసిపోయాను. మర్నాడు ట్రిగ్గర్ నొక్కితే కిందికి దిగింది, పైకి రాలేదు. ఎయిర్ వాల్వ్ విప్పితే ఉన్న గ్రీజంతా కడిగేసుకుపోయి, ఆ చోట బూడిదరంగు రంగునీళ్లు అంటులా ఎండి ఉన్నాయి. అంతకుముందు ఆ వాల్వ్‌లోకి రంగు చుక్క కూడా పోలేదు. దాన్ని లోపలికి పంపింది నేనే.

అరగంట సంగతికి వస్తే, వంటింటి అల్యూమినియం ఫాయిల్ ముక్క ఒకటి నీళ్లలో వేలాడదీసి ఒకటి రెండు నిమిషాలు మెషీన్ నడపండి. తీసి దీపానికి అడ్డం పెట్టి చూడండి, గుండుసూదితో పొడిచినట్టు చిల్లులు కనిపిస్తాయి. (ఎంతసేపు నడిపినా ఒక్క గుంటా పడకపోతే, మీకు అమ్మింది అల్ట్రాసోనిక్ క్లీనర్ కాకపోవచ్చు. ఊరికే వణికే మోటారు పెట్టినవి కూడా అదే పేరుతో వస్తున్నాయి.) బ్రష్ మీద పడేదీ ఆ దెబ్బే. బ్రష్ ఒళ్లు ఎక్కువగా ఇత్తడే, పైన నికెల్ లేదా క్రోమ్ పూత. పూత బాగుంటే మూడు నాలుగు నిమిషాలకు ఏమీ కాదు. ఎక్కడైనా పెచ్చు లేచి ఉంటే మాత్రం అక్కడినుంచి ఊడుతూ పోతుంది. రంగు వేసిన అల్యూమినియం హ్యాండిల్‌ను అసలు ముంచకండి.

వేడి కొంచెం సాయం చేస్తుంది, కాదనను. 50 డిగ్రీలు దాటించకండి. కొన్ని బ్రష్‌లలో నాజిల్ మర దగ్గర గాలి కారకుండా తేనెమైనం పూస్తారు. అది కరిగేది 62 డిగ్రీల పైన, మెత్తబడేది అంతకుముందే.

"కొత్తదానిలా" అన్న మాట అక్రిలిక్ రంగు గురించి తెలియక అన్నదే. తడిగా ఉన్నప్పుడు నీళ్లకు లొంగే ఆ రంగు, ఎండాక ప్లాస్టిక్ పొరలా మారిపోతుంది, మళ్లీ నీళ్లలో కరగదు. బుడగలు పొడినీ నలుసునూ రాలుస్తాయి, గట్టిగా పట్టిన పొరను ఒలవలేవు. దాన్ని ముందు ఎయిర్‌బ్రష్ క్లీనర్‌తో మెత్తబరిచి, తర్వాత మెషీన్‌లో వేస్తే అప్పుడు తేడా తెలుస్తుంది. గట్టిపడిన రెండు భాగాల రంగుల (గట్టిపరిచే ద్రవం కలిపి వాడేవి) మీదైతే మెషీన్ చేయగలిగేది దాదాపు ఏమీ లేదు.

ఈ సలహాకి తోకలా ఇంకొకటి తిరుగుతోంది: అమ్మోనియా ఉన్న గాజు క్లీనర్ పోయమని. అమ్మోనియాకీ ఇత్తడికీ పడదు. పూత లేచినచోట రంగు మారుతుంది, ఒత్తిడిలో ఉన్న ఇత్తడి చిట్లే ప్రమాదమూ ఉంది.

నేను చేసేది ఇది. రంగు వేయడం అవగానే కప్పులో క్లీనర్ పోసి, రంగులేని నీళ్లు వచ్చేదాకా స్ప్రే చేసేస్తాను. అది రోజూ. మెషీన్ తీసేది నాలుగైదు వాడకాలకు ఒకసారే. సూది ముందే బయటికి తీసి గుడ్డతో తుడుస్తాను, అది తొట్టిలోకి వెళ్లదు. రబ్బరు ఓరింగ్‌లు, ఎయిర్ వాల్వ్, హ్యాండిల్ కూడా అంతే. తొట్టిలోకి వెళ్లేవి నాజిల్, నాజిల్ క్యాప్, ముందు భాగం మాత్రమే. వాటిని టీ వడగట్టే చిన్న జాలీలో వేసి వేలాడదీస్తాను. లేకపోతే బియ్యపు గింజంత నాజిల్‌ను మురికినీళ్లతో పాటు పారబోసుకుంటాం. మూడు నిమిషాలు నడిపి, తీసి, నాజిల్‌ను దీపానికి ఎదురుగా పట్టి చూస్తాను. వెలుతురు గుండ్రంగా రావాలి. ఒక పక్క నెలవంకలా కనిపిస్తే లోపల ఇంకా ఉందన్నమాట, మళ్లీ నానబెట్టాల్సిందే.

మంచినీళ్లతో కడిగి, ఆరాక, సూదికి ఎయిర్‌బ్రష్ గ్రీజు పలచగా పూస్తాను. సిలికాన్ నూనె వద్దు, అది రంగులోకి చేరితే ఉపరితలం మీద గుంటలు పడతాయి. నాజిల్‌ను చేత్తో అందినంత తిప్పి, ఆ తర్వాత స్పానర్‌తో కాస్త బిగిస్తే సరి, గట్టిగా తిప్పితే మర దగ్గరే విరుగుతుంది. చివరికి కప్పులో నీళ్లు పోసి గాలి వదులుతాను. నీళ్లలో బుడగలు లేస్తే నాజిల్ దగ్గర గాలి కారుతోందని అర్థం. తిట్టుకుంటూ మళ్లీ విప్పుతాను.