బెల్లాట్రిక్స్‌ది ఉన్మాదం మాత్రమే కాదు

హ్యారీ పోటర్ నవలల్లోని బెల్లాట్రిక్స్ లెస్ట్రేంజ్‌ను, ఆమె గురించి రాసిన వ్యాసంలో వ్యాసకర్త మతి చలించిన మంత్రగత్తెగా తేల్చివేయడంతో నేను ఏకీభవించలేను. 2000లో వెలువడిన నాలుగో నవలలో, లాంగ్‌బాటమ్ దంపతులను భరించలేని నొప్పి కలిగించే క్రూషియేటస్ శాపంతో మతి పోయేంతగా హింసించిన నేరానికి విచారణ జరుగుతున్నప్పుడు, గొలుసులున్న ఆ కుర్చీలో సింహాసనం మీద ఉన్నట్టు కూర్చుని, తన ప్రభువైన దుష్ట మాంత్రికుడు వోల్డెమార్ట్ తిరిగి వస్తాడనీ, ఆయన కోసం ఎదురుచూస్తామనీ ప్రకటించిన స్త్రీ ఆమె. అప్పటికింకా మాంత్రికుల జైలైన అజ్కబాన్ చెరలో ఏళ్లు గడపలేదు. కాబట్టి ఆ భక్తి జైలు పుట్టించినది కాదు, తెలిసి ఎంచుకున్నది. వోల్డెమార్ట్ పతనమయ్యాక లూసియస్ మాల్ఫాయ్ వంటి అనుచరులు తాము మంత్రానికి లోబడి అలా చేశామని బొంకి శిక్ష తప్పించుకోగా, ఆమె మాత్రం దాదాపు 14 ఏళ్లు చెరసాలలో మగ్గింది.

ఆ నిష్ఠ ఎంత భయంకరమైనదో ఆరో నవలలో తెలుస్తుంది. కొడుకు డ్రాకో కోసం చెల్లెలు నార్సిస్సా కుమిలిపోతుంటే, తనకే కొడుకులుంటే ప్రభువు సేవకు సంతోషంగా అర్పించేదాన్నని బెల్లాట్రిక్స్ అంటుంది. నాకు హ్యారీకి ఆప్తుడైన సిరియస్‌ను ఆమె చంపడం కన్నా ఈ మాటే ఎక్కువ వణుకు పుట్టించింది, ఎందుకంటే అందులో ఆవేశం లేదు, నిజాయితీ ఉంది. అదే నార్సిస్సా చివరి నవలలో కొడుకు కోసం వోల్డెమార్ట్‌కే అబద్ధం చెబుతుంది. వ్యాసంలో ఈ అక్కాచెల్లెళ్ల పోలిక ఒక్క వాక్యంలోనైనా లేకపోవడం నిజంగా బాధించింది.