1950ల అమెరికాలో ‘కష్టపడే ప్రతివాడికీ’ ఇల్లట!

మా గ్రూపులో ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. ఈసారి పంపింది డాలస్‌లో ఉండే మా బాబాయి కొడుకు. “1950లలో అమెరికాలో హైస్కూలు చదివిన ఒక్కడి జీతంతో ఇల్లు, కారు, నలుగురు పిల్లలు. భార్య ఇంటిపట్టునే. అప్పుల్లేవు, టీవీల్లేవు, సాయంత్రమైతే అందరూ కలిసి కబుర్లే. కష్టపడే ప్రతివాడికీ సొంతిల్లు. తర్వాత చదువుల పిచ్చి పట్టి చెడిపోయారు.” కింద దండాల ఎమోజీలు.

టీవీల్లేవా? 1950లో నూటికి తొమ్మిదిళ్లలో ఉంటే, 1960 నాటికి తొంభై ఇళ్ల దాకా చేరింది. టీవీ చూస్తూ తినడానికని అల్యూమినియం ట్రేలో భోజనం అమ్మిన కాలమది. కబుర్లు ప్రకటనలు వచ్చేటప్పుడు చెప్పుకునేవారేమో!

అప్పుల్లేవా? ఇంటికి ముప్ఫై ఏళ్ల లోను, కారుకు వాయిదాలు. ముందు వాడుకుని తర్వాత డబ్బు కట్టే డైనర్స్ క్లబ్ కార్డు పుట్టిందే 1950లో.

భార్య ఇంటిపట్టునేనా? అప్పటికే ముగ్గురు ఆడవాళ్లలో ఒకరు ఉద్యోగం చేస్తున్నారు.

ఇక చదువుల పిచ్చి. అది ‘తర్వాత’ పట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల ఫీజులు ప్రభుత్వమే కట్టేలా 1944లో చట్టం చేస్తే, దాదాపు 22 లక్షల మంది కాలేజీల్లో చేరారు. 1957లో రష్యా స్పుత్నిక్ ఉపగ్రహాన్ని పంపగానే అమెరికాకు టెన్షన్ మొదలై, మరుసటి ఏడాదే కేంద్ర ప్రభుత్వం విద్యార్థులకు లోన్లు మొదలుపెట్టింది. పైగా ‘హైస్కూలు చాలు’ అంటున్నారు గానీ, 1950లో పాతికేళ్లు దాటినవాళ్లలో ఆ హైస్కూలు పూర్తిచేసినవాళ్లే మూడో వంతు.

ఇవన్నీ పోనీ అనుకుందాం. ‘కష్టపడే ప్రతివాడికీ సొంతిల్లు’ అన్న ముక్క దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మెసేజ్ ఊహించుకుంటున్న ఊరికి పేరుంది, లెవిట్‌టౌన్. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో, బంగాళాదుంపలు పండించిన నేలలో, 1947 నుంచి నాలుగేళ్లలో 17 వేలకు పైగా ఇళ్లు లేచాయి. ఒక్కో పనివాళ్ల జట్టుకు ఒక్కటే పని, అది ముగించి పక్కింటికి పోవడమే. 1949లో ఇల్లు 7,990 డాలర్లు. మాజీ సైనికులైతే చేతి డబ్బు లేకుండానే దిగిపోవచ్చు.

అంటే, తెల్లవాళ్లైతే. మొదట్లో రాసుకున్న ఒప్పందంలోనే ఉంది: కాకేసియన్ జాతివాళ్లు తప్ప ఇంకెవరూ ఆ ఇంట్లో ఉండకూడదు. వెంటనే ఒక మినహాయింపు కూడా ఉంది. పనిమనుషులుగా అయితే ఉండొచ్చట! లోన్లకు హామీ ఇచ్చిన ప్రభుత్వ సంస్థకు ఇందులో తప్పేమీ కనిపించలేదు. అదే యుద్ధంలో పోరాడి వచ్చిన నల్లజాతి సైనికుడు కష్టపడలేదా? 1960 నాటికి కూడా ఆ ఊళ్లో నల్లజాతివాళ్లు దాదాపు లేనట్టే. పెన్సిల్వేనియాలో ఇంకో లెవిట్‌టౌన్ కట్టారు. 1957లో అక్కడ ఇల్లు కొనుక్కున్న నల్లజాతి దంపతులు మైయర్స్‌ల ఇంటి ముందు గుంపులు చేరి రాళ్లు రువ్వాయి. రాష్ట్ర పోలీసులు దిగాల్సొచ్చింది.

మావాడికి ఇంకో సంగతి. 1946 చట్టం ప్రకారం అమెరికాలో స్థిరపడేందుకు భారతీయులకు ఏడాదికి కోటా వంద మంది. దేశం మొత్తానికి నాయనా, మీ కాలేజీ బ్యాచ్‌కు కాదు. నువ్వు దండాలు పెడుతున్న ఆ కాలంలో నీకు అలాంటి వీసా రావడమే గగనం.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. పెద్ద ఫ్యాక్టరీలో పనిచేసే మామూలు కార్మికుడు ఒక్క జీతంతో సంసారం నడిపి ఇల్లు కొన్నమాట చాలామంది విషయంలో నిజం. ఇప్పుడక్కడ చాలా ఊళ్లలో అది కష్టమే. కానీ ఆ జీతం ఎలా వచ్చిందో? 1950లో కార్ల కంపెనీ జనరల్ మోటార్స్‌తో కార్మికుల యూనియన్ ఐదేళ్ల ఒప్పందం చేసుకుంది. ధరలు పెరిగితే జీతం పెరగాలి, పెన్షన్ ఇవ్వాలి. ఆ దశాబ్దం నడుమ ఉద్యోగుల్లో మూడో వంతు యూనియన్లలోనే ఉన్నారు. 1959లో ఐదు లక్షల మంది ఉక్కు కార్మికులు 116 రోజులు సమ్మె చేశారు. మెసేజ్‌లో మాత్రం సమ్మె ఊసే లేదు. ఉంటే మా గ్రూపులో సగం మంది ఫార్వర్డ్ చేసేవాళ్లు కాదు.