పరిశోధన కేంద్రాల్లో ఖాళీ కుర్చీలు

సన్నన్నం అంటే తెలుగు ఇళ్లలో ఇప్పటికీ ముందుగా గుర్తొచ్చేది సాంబ మసూరి. బాపట్లలో పుట్టిన ఈ బీపీటీ 5204 వంగడం 1986లో విడుదలైంది. అంతకు నాలుగేళ్ల ముందు మార్టేరు నుంచి స్వర్ణ, 2015లో రాజేంద్రనగర్ నుంచి తెలంగాణ సోన వచ్చాయి. వీటిని అందించింది ప్రభుత్వ జీతం మీద పనిచేసిన శాస్త్రవేత్తలు, వారితో పాటు మడుల్లో దిగిన క్షేత్ర సిబ్బంది. అలాంటి మనుషులకే మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి కొరత. ఒకరు రిటైరైతే కొత్తవారు రారు. ఉన్నవారిలోనే ఒకరికి ఇన్‌చార్జి బాధ్యత అప్పగిస్తారు.

వరిలో కొత్త వంగడం రావాలంటే పదేళ్ల దాకా పడుతుంది. రెండు రకాలను కలిపి సంకరణం చేశాక రెండో తరంలో వేల మొక్కలు వస్తాయి. దోమపోటును ఏది తట్టుకుంటోంది, గాలివానకు ఏది పడిపోకుండా నిలుస్తోంది అని మడి మడీ తిరిగి ఎంచాలి. గుణాలు స్థిరపడేదాకా ప్రతి తరంలోనూ ఇదే పని. ఆ తర్వాత కొద్దికొద్దిగా విత్తనం ఇచ్చి రైతుల పొలాల్లోనే పరీక్షించే చిరుసంచుల ప్రయోగాలు. పూతకొచ్చిన పైరు ఎవరి తీరిక కోసమూ ఆగదు. ఆ వారం కాస్తా జవాబు పత్రాలు దిద్దడంలోనో, ఇన్‌చార్జిగా ఉన్న మరో విభాగం బిల్లులతోనో గడిచిపోతే ఆ సీజన్ పోయినట్టే.

సిబ్బంది తగ్గినప్పుడు మొదట దెబ్బతినేది కొత్త పనే. క్లాసు జరగకపోతే విద్యార్థులు నిలదీస్తారు, నివేదిక అందకపోతే పైఅధికారి ఫోన్ చేస్తారు. పదేళ్ల తర్వాత రావలసిన వంగడం గురించి ఇవాళ అడిగేవారుండరు. పైగా చురుగ్గా ఉన్నవారికే అదనపు పని అంటగడతారు. కొత్త ఆలోచన చెబితే ఆ భారమూ తమ నెత్తినే పడుతుందన్న టెన్షన్‌తో కొందరు నోరు విప్పడమే మానేస్తారు. సంస్థకు ఇంతకు మించిన నష్టం లేదు.

రిటైరయ్యే శాస్త్రవేత్త దగ్గర ఆ స్థానంలోకి వచ్చేవారు కనీసం రెండు సీజన్లు పనిచేయాలి. ఏ మడిలో ఏముందో రికార్డుల్లో కొంతే ఉంటుంది, మిగతాది ఆ మనిషి అనుభవంలో ఉంటుంది. కాబట్టి పోస్టు ఖాళీ కాకముందే నోటిఫికేషన్ రావాలి. సీజన్ మధ్యలో బదిలీలు, ఇన్‌చార్జి బాధ్యతలు ఆపాలి. మడుల్లో పనిచేసే క్షేత్ర సిబ్బందినీ ఈ నియామకాల్లో చేర్చాలి. రెండు తెలుగు ప్రభుత్వాలూ వచ్చే బడ్జెట్‌లోనే ఇందుకు నిధులు చూపాలి.