పదిహేను రౌండ్లు మోసిన కాళ్లు

1971 మార్చి 8న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బాక్సర్ ముహమ్మద్ అలీ ప్రొఫెషనల్ పోటీలో మొదటిసారి ఓడిపోయాడు. గెలిచింది జో ఫ్రేజియర్. ప్రొఫెషనల్ రింగులో అప్పటిదాకా ఇద్దరికీ ఓటమి తెలియదు. ఆ రోజుకే అలీ పని అయిపోయిందా, లేక నిండు సత్తువలో ఉండగానే ఓడాడా అన్న ముచ్చట మా ఇంట్లో ఇంకా తెగలేదు. మామ వయసులో ఉన్నప్పుడు నల్లగొండ చుట్టుపక్కల జాతరల్లో కుస్తీలు పట్టినవాడు. అల్లుడికి అలీ అంటే ప్రాణం. మొన్న దేవరకొండ రోడ్డు మీద చాయ్ హోటల్ ముందు మళ్లీ అంటుకుంది. నేను మామ పక్షం, ముందే చెప్తున్నాను. అయినా అల్లుడు గట్టిగా తగిలించిన మాటలు దాచలేదు.

అల్లుడు: ఆ పొద్దు ఓడింది సగం అలీయే మామా. మిగిలిన సగాన్ని 1967లనే గుంజుకున్నరు. వియత్నాం యుద్ధానికి పోనన్నడని లైసెన్సు తీసేసిన్రు. ఏడాదిల ఏడు ఫైట్లు కొట్టిన మనిషి, ఆఖరి ఫైట్ కెల్లి మూడేండ్ల ఏడు నెలలు రింగు మొఖం చూడలే. ఇరవై అయిదు నుంచి ఇరవై ఎనిమిది దాక! మనిషికి ఇంకేం వయసున్నది చెప్పు?

మామ: రింగు మొఖం మర్చిపోయినోడు వచ్చుడు వచ్చుడే జెర్రీ క్వారీని మూడు రౌండ్లల్ల ఎట్ల సాగనంపిండు?

అల్లుడు: క్వారీకి కన్ను మీద చీరుకపోతే ఆపిన్రు. తర్వాత బొనవేనాతోని పదిహేనో రౌండు దాక ఈడ్చుకుంట పోయిండు. ఆడికెల్లి మూడు నెలలకే ఫ్రేజియర్. అటు ఫ్రేజియర్ ఆ ఏండ్లన్ని కొట్టుకుంటనే ఉన్నడు. మన కోడెను యాది చేసుకో. ఆరు పళ్ల విభాగంల మేళ్లచెరువు జాతరల బండ గుంజింది. కాలు బెణికిందని రెండేండ్లు కొట్టంల కట్టేసినం. మల్ల కాడి వెడితే ఏమాయె? సగం దూరంల మోకాళ్ల మీద కూసుంది.

మామ: అది కట్టేసినందుకు గాదు. మీ నాయన ఉలువలు బందువెట్టి ఒట్టి వరిగడ్డి ఏసిండు.

అల్లుడు: ఉలువలు బందువెట్టింది ఆఖరి ఆర్నెల్లే!

మామ: ఆర్నెల్లు సాలవా? నేను అప్పుడే చెప్పిన, అమ్మేటట్టుంటే అమ్ము, మేపేటట్టుంటే మేపు అని. విన్నడా మీ నాయన?

(ఇక్కడ పావుగంట ఉలువల మీదే నడిచింది. చాయ్ రెండోసారి వచ్చాక గానీ న్యూయార్క్ చేరలేదు.)

మామ: ఎద్దును పక్కకువెట్టు. ఫ్రేజియర్ కొట్టిన దెబ్బ ఏందో అది మాట్లాడు. అలీకి ఎడమ హుక్, అంటే మోచెయ్యి వంచి పక్కకెల్లి కొట్టే దెబ్బ, ఎప్పుడూ గండమే. 1962ల సోనీ బ్యాంక్స్ అనేటాయన మొదటి రౌండ్లనే అదే హుక్‌తోని కూలగొట్టిండు. తెల్లారి ఏడు లండన్ల హెన్రీ కూపర్ నాలుగో రౌండు ఆఖర్ల కొడితే తాళ్ల మీద పడ్డడు, గంట మోగవట్టి బతికిండు. అప్పుడు అలీకి ఇరవయ్యొక్కటి. కాళ్లల్ల చక్రాలున్నయి. అయినా ఎందుకు పడ్డడు? చేతులు నడుం కాడ ఉంచి, దెబ్బొస్తుంటే తలకాయ ఎనకకు గుంజుకునే అలవాటు. ఆ అలవాటు లైసెన్సు పోయినంక వచ్చింది గాదు, మొదటికెల్లి ఉన్నది. ఫ్రేజియర్ దిక్కు ఎడ్డీ ఫచ్ అని ఒక గురువు ఉండె. కుడి అప్పర్‌కట్ (కిందికెల్లి పైకి గుద్దే దెబ్బ) ఎత్తేటప్పుడు అలీ చెయ్యి కిందికి జారుతది, దవడ ఖాళీగ దొరుకుతది, గప్పుడు హుక్ ఎయ్యమన్నడు. పదిహేనో రౌండు ఫిలిం ఏసి చూడు. అలీ కుడి చెయ్యి కిందికి పోతున్నది, ఫ్రేజియర్ నేలకెల్లి లేచినట్టు ఎడమచెయ్యి తెచ్చిండు. అలీ ఎల్లెలుకల పడ్డడు, బూట్లకు కట్టిన ఎర్ర కుచ్చులు గాల్లెకు లేచినయి. ఆ ఎడమచెయ్యి కథ ఎరికేనా నీకు? సౌత్ కరోలినాల చిన్నప్పుడు పంది తరిమితే పడి ఇరగ్గొట్టుకున్నడు. సరిగ్గ కట్టిచ్చే దిక్కు లేక వంకరగనే అతుక్కుంది. జన్మల ఆ చెయ్యి సాపుగ సాచలేదు. ఆ వంకర చేతితోని కొట్టిండు బిడ్డా ఆయన! దాన్ని నువ్వు అలీ సెలవుల లెక్కల రాస్తనంటున్నవ్. లెక్కలు రాసిన ముగ్గురూ ఫ్రేజియర్‌కే రాసిన్రు. ఒకాయనైతే పదకొండు రౌండ్లు ఆయనకే, నాలుగే అలీకి.

అల్లుడు: రెఫరీ ఏమిచ్చిండో అది గూడ చెప్పు మరి. ఎనిమిది ఫ్రేజియర్‌కు, ఆరు అలీకి, ఒకటి సమానం. ఒక్క రౌండు ఇటు జరిగితే ఆయన లెక్కల సరిసమానం. 1966ల క్లీవ్‌లాండ్ విలియమ్స్ మీద ఆడిన అలీని చూసినవ్ గద? ఆ మనిషికి కొట్టెతందుకు అలీ దొరకనే లేదు. గార్డెన్ల ఏం చేసిండు? తాళ్లకు ఒరిగి నిలవడ్డడు. ఫ్రేజియర్ పొట్టల గుద్దుతుంటే, తాకుతలేదని జనం దిక్కు చూసి తలకాయ ఊపిండు. తాకకుంటే ఊపుడెందుకు? కాళ్లు తీసుకపోతలేవు మామా, అందుకే ఆనుకున్నడు.

(మామ గ్లాసు కింద పెట్టాడు. కాసేపు మాట్లాడలేదు.)

మామ: అది నిజమే. అరవయ్యారు నాటి కాళ్లు మల్ల రాలే. వచ్చినయని నేనంటలేను.

అల్లుడు: మరి ఇంకేమున్నది?

మామ: ఉన్నది. 1974ల ఆఫ్రికాల కిన్షాసాకు పోయినప్పుడు అలీకి ముప్పై రెండు, అప్పటి ఛాంపియన్ ఫోర్మన్‌కు ఇరవై అయిదు. ఎనిమిదో రౌండ్ల ఫోర్మన్‌ను పడగొట్టిండు. ఇరవై తొమ్మిదికే పని అయిపోయినోడు ముప్పై రెండుకు ఎట్ల లేచిండు?

అల్లుడు: కాళ్లతోని గెల్వలే. తాళ్ల మీద వాలి, వాన్ని అలిసేదాక కొట్టనిచ్చి, బుర్రతోని గెలిచిండు.

మామ: గదే నేనంటున్న! బుర్ర ఉన్నది, గుండె ఉన్నది, దెబ్బకు తట్టుకునే ఒళ్లున్నది. అసొంటోడు సగం మనిషెట్లయితడు? ఇంకోటి జవాబు చెప్పు. 1973ల కింగ్‌స్టన్ల ఇదే ఫోర్మన్ ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లల్ల ఆరుసార్లు కిందేసిండు. అది జరిగిన ఏడాదికి అలీ ఫ్రేజియర్ మీద గెలిచిండు. ఆ తర్వాత మనీలాల మల్ల గెలిచిండు. అప్పటికి ఫ్రేజియర్ ఎడమ కంటికి చూపు సరిగ్గ ఆనదు. ఆ రెండు గెలుపుల గురించి ఒక్కనాడన్న నీ నోటికెల్లి “పని అయిపోయినోని మీద గెలిచిండు” అనే మాట వచ్చిందా? ఓడింది అలీ అయితేనే వయసు యాదికొస్తది మీకు. లైసెన్సు పోయినప్పుడు, అలీని ఆడనియ్యమని అడిగినోళ్లల్ల ఫ్రేజియర్ ఒకడు. ఆ మనిషిని గొరిల్లా అన్నడు అలీ, తెల్లోళ్ల గులాం అన్నట్టు మాట్లాడిండు. జనం నవ్విన్రు. గెలిచిన ఆ ఒక్క రాత్రి గూడ ఆయనకు దక్కనియ్యరా?

అల్లుడు: మాటలన్నది తప్పే, నేను కాదంటలేను. కని 1980 చెప్పు. లాస్ వెగాస్‌ల లారీ హోమ్స్ గూడ అలీని ఓడగొట్టిండు. అదీ అసలు గెలుపేనా?

మామ: అది పోటీయే గాదు. ముప్పై ఎనిమిదేండ్ల మనిషిని పది రౌండ్లు కొట్టనిచ్చిన్రు. అలీ గురువు డండీ మూలకెల్లి ఆపిండు గని, ఇంకా ముందే ఆపాల్సింది.

అల్లుడు: చూసినవా! హోమ్స్ కాడికొచ్చేసరికి నువ్వు గూడ వయసే చెప్తున్నవ్. మరి ఇరవై తొమ్మిదికి, ముప్పై ఎనిమిదికి నడుమ గీత యాడ గీస్తవ్?

మామ: ఏండ్లను చూసి గీయను. ఆ రాత్రి ఏం చేసిండో చూసి గీస్త. హోమ్స్ ముంగట అలీ చెయ్యెత్తలేదు. గార్డెన్ల పదకొండో రౌండ్ల తూలిండు, మల్ల కుదురుకున్నడు. పదిహేనుల పడ్డడు, నాలుగు లెక్కవెట్టేలోపే లేచి, ఉబ్బిన దవడతోని ఆఖరి గంట దాక కొట్టుకున్నడు. పని అయిపోయినోడైతే ఆ హుక్‌కు లేస్తడా? కాళ్లు కొంత తగ్గినయి, ఒప్పుకుంటున్న. తగ్గిన అలీ గూడ ఆ పొద్దు ఇంకెవలొచ్చినా గెలిచేటోడే. ఫ్రేజియర్ ఒక్కడే గెల్వగలిగిండు.

(ఆ తర్వాత మామ జేబులోంచి వెండి కడెం తీశాడు. చేతికి పట్టదు ఇప్పుడు, వేళ్ల కీళ్లు లావైపోయాయి. అయినా వెంట ఉంచుకుంటాడు.)

మామ: ఇరవై రెండేండ్లకు ఇది గెలిచిన. పేరు మోసిన ఉస్తాద్‌ను చిత్తు చేసిన. జనం భుజాల మీద ఎత్తుకున్నరు. దీపాలు పెట్టే యాల్లకు ఊరంత ఒకటే మాట, ఉస్తాద్‌కు జరం ఉండెనట అని. నలభై ఏండ్లాయె. కడెం చూసినోడల్లా జరం ముచ్చటే తీస్తడు.

అల్లుడు: ఉండెనా మామా, జరం?

మామ: ఉండె. మెడ పట్టంగనే నా చేతికి తెలిసింది, కాలుతున్నది. అయినా ఇరవై నిమిషాలు నాకు లొంగలే ఆయన. రెండుసార్లు నన్నే కింద పడేసిండు.

అల్లుడు కడెం అందుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.