కదలని దుకాణం

హన్మకొండలో మా గల్లీ మొదట్లో ఒక స్టేషనరీ దుకాణం ఉండేది. బోర్డు మీద ఇంగ్లిష్ మాటలో చివర 'ఈ' ఉండాల్సిన చోట 'ఏ' పడింది. 'ఈ' ఉంటే పెన్నులు, కాగితాలు. 'ఏ' ఉంటే కదలకుండా ఉన్నది అని అర్థం. పిల్లలు బడికి పోయే దారిలో ఇంత ఘోరమా అని ఒకరోజు ఉండబట్టలేక వెళ్లి చెప్పాను.

"గా అక్షరం మారిస్తే నోట్‌బుక్కు రేటు తగ్గుతదా సార్?" అన్నాడు, సుతిలి తాడు పళ్లతో తెంపుతూ. "పదేండ్ల సంది నా దుకాణం ఈడనే ఉన్నది గద!"

ఇంటికొచ్చి నిఘంటువు తిరగేస్తే తలకొట్టేసినట్టయింది. మధ్యయుగాల యూరప్‌లో ఊరూరా తిరిగి సరుకు అమ్ముకునేవాళ్లు బోలెడుమంది. విశ్వవిద్యాలయాల దగ్గర ఒకచోట కొట్టు పెట్టుకుని పుస్తకాలు అమ్మేవాణ్ణి మాత్రం లాటిన్‌లో 'స్టేషనేరియస్' అన్నారు, అంటే ఉన్నచోట ఉండేవాడు. లండన్‌లో వీళ్లు 1403లోనే సంఘం కట్టారు, 1557లో రాజశాసనం కూడా పొందారు. వాళ్లు అమ్మే సరుకే స్టేషనరీ. అంటే మా దుకాణదారుడు తప్పు రాయించలేదు, ఆరు వందల ఏళ్లు వెనక్కి వెళ్లి రాయించాడు.

స్టేషన్‌దీ ఆ వంశమే. నిలబడటం అని మూలార్థం. బ్యాగు భుజానికేసుకుని, అవుటర్‌లో ఆగిన బండి తలుపు దగ్గర అరగంట నిలబడ్డవాడికి ఈ సంగతి వేరే చెప్పాలా?

ప్రిన్సిపల్‌కూ ప్రిన్సిపుల్‌కూ కూడా లాటిన్‌లో మూలం ఒక్కటే. వాటికి చుట్టరికం ఉందని నా కాలేజీ రోజుల్లో మాత్రం అనుమానం రాలేదు.

మొన్న ఒక పెళ్లిలో డబుల్ కా మీఠా ముందు పెట్టిన కార్డులో 'డెజర్ట్'కు ఒక 'ఎస్' తగ్గి ఎడారి అయింది. ఈసారి నోరెత్తలేదు. ఎడారి మాటకు లాటిన్‌లో వదిలేసిన చోటు అని అర్థం. తీపి మాట ఫ్రెంచిది, బల్ల మీద గిన్నెలు ఎత్తేయడం నుంచి వచ్చింది. నేను చేరేసరికి రెండూ అయిపోయాయి. గిన్నె అడుగున గరిటె, దానికంటిన జీడిపప్పు ముక్క ఒకటి.

అసలు తెలుగులో రాస్తే ఈ పేచీయే లేదు. రెండు స్టేషనరీలూ ఒక్కలాగే ఉంటాయి.

పోయిన నెల రోడ్డు వెడల్పులో మా దుకాణం పోయింది. బోర్డు ఆటోలో వేసుకుని, రెండు గల్లీల అవతల పెట్టాడు. 'ఏ' అలాగే ఉంది. ఇప్పుడు మళ్లీ వెళ్లి చెప్పాలి.