రొయ్యకో రోడ్‌మ్యాప్

ఏ సంస్థ బాగుపడాలన్నా ముందు దాని సమాచార వ్యవస్థకు ఒక వ్యూహాత్మక ప్రణాళిక ఉండాలని పెద్దలు చెబుతారు. కంపెనీ ఎటు పోతోందో చూసుకుని, కంప్యూటర్లు కూడా అటే పోయేలా ముందుగా రాసిపెట్టుకోవడం అన్నమాట. ఇంత మంచి మాటను ఎవరు కాదంటారు? నెల్లూరు జిల్లాలో రొయ్యలు కొని ఎగుమతి చేసే ఒకానొక కంపెనీ కూడా కాదనలేదు. ఐదేళ్ల ప్రణాళిక రాయించుకుంది. రంగుల బొమ్మలు, గట్టి అట్ట. ఐస్ బాక్సు మూత లేవకుండా పైన పెట్టుకోవచ్చు, అంత బరువు.

మొదట్లోనే చిన్న చిక్కొచ్చింది. కంప్యూటర్ల వ్యూహం కంపెనీ వ్యూహంతో కలవాలి కదా, ఆ రెండోది ఎక్కడుందని కన్సల్టెంటు అడిగాడు. ఓనరుగారు తన తల చూపించారు. "ఇక్కడుండాదయ్యా. కాయితం మీద పెడితే పక్క కంపెనీవోడు చదవడా?" కన్సల్టెంటు దాన్ని గోప్యతా విధానం కింద రాసుకుని ముందుకు సాగాడు.

అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ రాకార్ట్ 1979లో ఒక పద్ధతి చెప్పాడు. మీ వ్యాపారంలో తప్పకుండా బాగుండాల్సిన నాలుగైదు సంగతులేమిటో పైవాళ్లను అడగండి, సమాచారమంతా వాటి చుట్టూ అల్లండి అని. అడిగారు. కరెంటు పోకూడదు, వాన ముంచకూడదు, రొయ్యలకు తెల్లమచ్చ రోగం రాకూడదు, అమెరికావాడు అలగకూడదు అన్నారు. వీటిలో ఒక్కటీ సాఫ్ట్‌వేర్ చేతిలో లేదు కాబట్టి బయోమెట్రిక్ హాజరుకు మొదటి ప్రాధాన్యం ఇచ్చారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు కూడా ఆ హాజరుపట్టీ చెక్కుచెదరలేదు.

అదే 1979లో రిచర్డ్ నోలన్ అనే ఆయన, సంస్థల్లో కంప్యూటర్ వాడకం ఆరు దశల్లో ఎదుగుతుందన్నాడు. రెండోది అంటువ్యాధి దశ. అదుపూ ఆజ్ఞా లేకుండా ఎవరికి నచ్చింది వాళ్లు పెట్టేసుకోవడం. ఒక రొయ్యల గుంటకు తగిలిన జబ్బు పక్క గుంటకు ఎన్నాళ్లలో పాకుతుందో తెలిసిన మావాళ్లకు ఈ దశ మాత్రం పాఠం చెప్పకుండానే వచ్చేసింది. కొనుగోళ్లకో ఎక్సెల్, కోల్డ్ స్టోరేజీకో ఎక్సెల్, అకౌంట్స్‌కు ట్యాలీ, ఓనరుగారి బావమరిదికి సొంత వాట్సాప్ గ్రూపు. నాలుగు చోట్లా నాలుగు రకాల స్టాకు. వీటన్నిటినీ ఏకం చేయడానికి ఐదోదిగా ఒక యాప్ తెచ్చారు. ఇప్పుడు స్టాకు ఐదు రకాలుగా ఉంది.

గుంట గట్టు మీద జరిగేది ప్రణాళికలో అర పేజీకి మించి లేదు కాబట్టి నేనే చెబుతాను. విడవలూరు వైపు తెల్లవారుజామున పట్టుబడి, అంటే గుంటలో రొయ్యలు పట్టడం. కిలో రొయ్యలు తూచి పీసులు లెక్కపెడతారు. 40 తూగితే 40 కౌంట్. అంకె పెరిగేకొద్దీ ధర తగ్గుతుంది గనక ఆ ఒకటీ రెండు పీసుల దగ్గరే గొంతులు లేస్తాయి. "42 ఏందబ్బా, ఆ తోక తెగిందాన్ని కూడా లెక్కేస్తివే!" అంటాడు రైతు. చివరికి 41 దగ్గర తెగుతుంది. అప్పుడు కంపెనీ గుమాస్తా చెవి మీది పెన్ను తీసి పొడుగు నోట్‌బుక్‌లో రాస్తాడు: కౌంట్, క్రేట్లు, తరుగు, లారీ నంబరు. యాప్‌లో 40 తర్వాత 50 ఉంది, బేరానికి గడి లేదు. తడివేలికి స్క్రీన్ పలకదు. ఓటీపీ కావాలంటే సిగ్నల్ వెతుక్కుంటూ రోడ్డు దాకా పోవాలి. అందుకని నోట్‌బుక్‌ను ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతాడు, ఆఫీసులో ఒకమ్మాయి చూసి యాప్‌లో ఎక్కిస్తుంది. ప్రణాళికలో దీని పేరు రియల్‌టైమ్ డేటా.

విపత్తుల అధ్యాయాన్ని మాత్రం మెచ్చుకోవాలి. సర్వర్ కాలిపోతే హైదరాబాద్‌లో ఇంకో సర్వర్, కరెంటు పోతే జనరేటరు, ఆ జనరేటరుకు తోడు ఇంకో జనరేటరు. గుమాస్తాకు మాత్రం ఇంకో గుమాస్తా లేడు. ఏ రైతుకు ఎంత బాకీ, ఎవరికి రేపటికల్లా డబ్బు పడకపోతే సరుకు పక్క కంపెనీకి పోతుంది, అంతా ఆ నోట్‌బుక్‌లోనే ఉంది. ఆ దస్తూరీ ఆయనకు తప్ప ఎవరికీ అర్థం కాదు. మొన్న కూతురి పెళ్లికని ఆయన పది రోజులు సెలవడిగాడు. అదీ పట్టుబడుల సీజన్‌లో! ఆఫీసంతా టెన్షన్. ప్రణాళికా కమిటీ అత్యవసరంగా కూర్చుంది. చివరికి ఓనరుగారే గుమాస్తాకు కాబోయే వియ్యంకుడికి ఫోన్ చేసి, "ఏమనుకోవద్దన్నా, ముహూర్తం ఒక నెల జరపండి, కల్యాణ మండపం ఖర్చు మాది" అన్నారట. ఆ ఖర్చును ఐటీ బడ్జెట్ కింద రాశారు.