కెమెరాకీ కంప్యూటర్‌కీ సంబంధం

(టేబుల్ మీద తెల్ల చార్టు, దాని మీద అక్క చేసిన చెవి రింగులు. ఎదురుగా ట్రైపాడ్ మీద కెమెరా, పక్కన అక్క ల్యాప్‌టాప్. తమ్ముడు మాన్యువల్ చదవని రకం, అక్క చదివే రకం. గొడవకి ఇంతకంటే ఏం కావాలి?)

అక్క: ఒక్క ఫొటో తీయరా అంటే ఇంత హడావిడేంట్రా?

తమ్ముడు: ఇలా కెమెరాని కేబుల్‌తో కంప్యూటర్‌కి కలపడాన్ని టెథరింగ్ అంటారు. ఇక్కడ నేను నొక్కగానే నీ తెర మీద ఫొటో ప్రత్యక్షమవుతుంది. చూడు. (క్లిక్)

అక్క: చూస్తున్నా.

తమ్ముడు: ఇంకాస్త చూడు.

అక్క: ఏమీ రాలేదు.

తమ్ముడు: నీ ల్యాప్‌టాప్ ముసలిది.

అక్క: దాన్నేమీ అనకు. ఆ కేబుల్ ఎక్కడిది?

తమ్ముడు: నా ట్రిమ్మర్‌ది. టైప్ సీ. భలే పట్టేసింది.

అక్క: గడ్డం గీసుకునే కేబుల్‌తో ఫొటోలొస్తాయా? దాంట్లో కరెంటు వైర్లే ఉండుంటాయి, డేటా వైర్లు ఉండవు. కెమెరాతో వచ్చిన కేబుల్ ఏమైంది?

తమ్ముడు: పెట్టెలో ఉంది. కవర్ కూడా విప్పలేదు.

అక్క: దాచుకో, నీ మనవలకి పనికొస్తుంది.

(కేబుల్ మారింది. ల్యాప్‌టాప్ టింగుమంది.)

తమ్ముడు: వచ్చేసింది!

అక్క: పెన్‌డ్రైవ్ తెరిచినట్టు కార్డులోని పాత ఫొటోలొచ్చాయి. ఇదేంట్రా, నేను నోరు తెరుచుకుని నిద్రపోతుంటే తీశావా?

తమ్ముడు: అది లైటింగ్ ప్రాక్టీసు.

అక్క: డిలీట్ చెయ్. (మాన్యువల్ పేజీ తిప్పి) మెనూలో యూఎస్‌బీ కనెక్షన్ 'మాస్ స్టోరేజ్' మీద ఉంది. నీ కెమెరాలో దాన్ని 'పీసీ రిమోట్'కి మార్చాలిట.

తమ్ముడు: నాకు తెలుసు. నువ్వు కనిపెడతావో లేదోనని చూశా.

అక్క: కనిపెట్టా. ఇప్పుడేమో 'కెమెరా దొరకలేదు' అంటోంది.

తమ్ముడు: ల్యాప్‌టాప్...

అక్క: ముసలిది కాదు! లైట్‌రూమ్, కాప్చర్ వన్, కెమెరా కంపెనీ సాఫ్ట్‌వేర్, ఫొటోలు లాక్కునే ప్రోగ్రాములు మూడూ ఎందుకు తెరిచావు?

తమ్ముడు: ఏదో ఒకటి పనిచేయకపోతుందా అని.

అక్క: మూడూ ఎగబడితే ఎవరికీ దక్కదు. ఒక్కటి ఉంచి మిగతావి మూసెయ్.

(మూసేశాడు. తెర నిండా రింగులు మెరిశాయి. ఇద్దరూ కాసేపు వైరం మరిచారు. చాలా కాసేపు కాదు.)

తమ్ముడు: చూశావా నా ఐడియా!

అక్క: ఐడియా నీది, బుర్ర మాన్యువల్‌ది.

(ఈ పంపకాలు తేలేలోపు కనెక్షన్ పోయింది.)

తమ్ముడు: నువ్వేదో నొక్కావు!

అక్క: నోరు తప్ప ఏమీ కదపలేదు. ఆటో పవర్ ఆఫ్ ఒక నిమిషానికి పెట్టావు. మన గొడవ నిమిషంలో తేలేదా?

తమ్ముడు: సరే, తీసేశా. ఇక నిద్రపోదు.

అక్క: మరి బ్యాటరీ?

తమ్ముడు: డమ్మీ బ్యాటరీ అని ఉంటుంది. దాన్ని కెమెరాలో పెట్టి, వైరు గోడ ప్లగ్గుకి...

అక్క: ఇంకో వైరా!

(తమ్ముడు మళ్లీ నొక్కాడు.)

అక్క: ఆగి ఆగి వస్తోందేం?

తమ్ముడు: పెట్టెలోది యూఎస్‌బీ 2.0 కేబుల్ మరి. సెకనుకి 480 మెగాబిట్లు, అంటే 60 మెగాబైట్లు, అదీ కాగితం మీద. అదే యూఎస్‌బీ 3.0 అయితే 5 గిగాబిట్లు. ఇప్పటికి సెన్సర్ పట్టిందంతా ఉండే బరువైన 'రా' (RAW) ఫైల్ కార్డులో ఉంచి, కుదించిన జేపెగ్ ఒక్కటే నీకు పంపిస్తా.

అక్క: ఇదెలా తెలుసురా నీకు?

తమ్ముడు: ఎప్పుడో పెట్టె మీద చదివా. (గర్వంగా వెనక్కి అడుగేశాడు. కాలికి కేబుల్ తగిలింది. ట్రైపాడ్ ఊగింది. అక్క గబుక్కున పట్టుకుంది.)

అక్క: స్టూడియోల్లో ఆరెంజ్ రంగు కేబుళ్లు నీలాంటి కాళ్ల కోసమే! దాన్ని ట్రైపాడ్‌కి కట్టు. ఈసారి లాగితే కెమెరా సాకెట్టే ఊడొస్తుంది.

తమ్ముడు: కట్టాను. ఇప్పుడు 100 శాతానికి జూమ్ చేస్తున్నా. ఫోకస్ చూడు, కత్తిలా ఉంది! అక్కా, ఈ రాయి పక్కన తెల్లగా కారిందేంటి?

అక్క: నీ లెన్సు మీద దుమ్ము.

తమ్ముడు: లెన్సు తుడిచా. పోలేదు. రింగు తిప్పితే మచ్చ కూడా దాంతోనే తిరుగుతోంది. ఇది జిగురక్కా!

అక్క: ...

తమ్ముడు: ఇంకాస్త జూమ్ చేయనా?

అక్క: కేబుల్ పీకెయ్.